బోరిష్కా పిన్నికి తెలుసు

చెప్రేగి బోర్బాలా అని పూర్తి పేరు చెబితే మా ఊళ్ళో ఆమె బతికుండగానే చాలామందికి తెలిసేది కాదు. బోరిష్కా పిన్ని అంటే మా వీధివాళ్ళకి తెలిసేది. ఇంకో పేరు ఉంది, అది దేశమంతటికీ తెలుసు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టిందీ కాదు, ఆమె పెట్టుకున్నదీ కాదు.

నేను ఆమె ఇంటి ఎదుట బొత్తాల కొట్టు నడిపినాయన కూతుర్ని. నా పేరు ఎతెల్కా. అమ్మ నా పసితనంలోనే పోయింది. నాన్న పొద్దస్తమానం కొట్లో ఉండేవాడు, అందుకని నేను పెరిగింది బోరిష్కా పిన్ని వంటింట్లో. ఉల్లిపాయ ఎలా వేయించాలో, ఎర్ర మిరపపొడి నూనెలో ఏ క్షణాన వేస్తే మాడదో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమెకు వచ్చిన ఇంకో విద్య మాత్రం నాకు పట్టుబడలేదు.

పిన్ని భర్త గాష్పార్ పటాలం బ్యాండులో డోలు వాయించేవాడు. ఎవరో పెద్ద సైన్యాధికారి తీసా నది మీదుగా మా ఊరికి వస్తున్నాడని బ్యాండువాళ్ళందరినీ పొద్దుటినుంచి వానలో నిలబెట్టారు. అధికారి రాలేదు. గాష్పార్‌కి జ్వరం వచ్చింది, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది, మనిషి దక్కలేదు. పింఛను సంగతి కనుక్కుందామని పిన్ని సర్కారు కచేరీకి వెళితే, యుద్ధంలో పోయినవాళ్ళ భార్యలకే ఇస్తామని అక్కడి గుమాస్తా చెప్పాడు.

"యుద్ధం వచ్చేదాకా ఆగమనే చెప్పానండీ," అంది పిన్ని, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "వినలేదు. ఆ మనిషిది మొదట్నుంచీ తొందరే. డోలు కూడా అందరికంటే ముందే కొట్టేసేవాడు."

గుమాస్తా పాపం అన్నట్టు తలూపాడట. పిన్ని ఇంటికొచ్చి తలుపేసుకుని, మళ్ళీ పొయ్యి వెలిగించేదాకా ఏడ్చింది. తర్వాత్తర్వాత ఆ మాటని భోజనాల బల్ల దగ్గర తనే చెప్పేది. నేను కొంచెం పెద్దయ్యాక అడిగాను, అలా ఎలా చెప్పగలవు పిన్నీ అని.

"ఏడుస్తూ చెబితే ఒకసారి వింటారే. రెండోసారి మొహం చాటేస్తారు. ఇలా చెబితే వాళ్ళే అడిగి మరీ చెప్పించుకుంటారు. ఆ వంకన మీ బాబాయి ఇంకోసారి ఈ బల్ల దగ్గరికి వచ్చి వెళతాడు," అంది.

ఇంట్లో గదులు అద్దెకిచ్చి, భోజనం పెట్టి బతికేది. రైల్వే గుమాస్తాలు, ఉపాధ్యాయ శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. సూపు పలచగా ఉండేది, బ్రెడ్డు ముక్కలు సన్నగా ఉండేవి. అయినా ఎవరూ వేరే ఇల్లు వెతుక్కోలేదు, పిన్ని మాటల కోసం. గోడ గడియారం వెనకబడిందని ఎవరైనా అంటే, "అది పెద్దింటి నుంచి వచ్చిందండీ, పరుగెత్తడం నేర్పలేదు వాళ్ళు," అనేది. రాజుగారి పటం హాల్లో కాక వంటింట్లో పొయ్యి మీద ఎందుకు పెట్టావని పట్టణ తనిఖీదారు గద్దించినప్పుడు, "హాల్లో పొయ్యి లేదండీ. డెబ్భై దాటిన పెద్దమనిషిని చలిలో ఉంచితే రాజద్రోహం అవదూ?" అంది. ఆయన ఏం రాయాలో తెలియక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా పిన్ని నవ్వలేదు. తిరిగాక వంటింటి గుమ్మం పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది.

"నవ్వు మాట చెప్పేటప్పుడు అది నవ్వు మాటని నీకు తెలియనట్టే చెప్పాలి," అనేది నాతో. "నీకు తెలుసని అవతలివాడు కనిపెట్టాడా, సగం రుచి పోయినట్టే."

ఆ ఇంటికి పెర్లాకి ఒట్టో ఒక ఆకురాలు కాలంలో వచ్చాడు. పొడుగ్గా, ఎండిపోయిన మొక్కజొన్న కాడలా ఉండేవాడు. ఒక వకీలుగారి దగ్గర దస్తావేజులకు నకళ్ళు రాసే పని. మిగతా వేళంతా కవిత్వం. ఏ కవిత తీసుకున్నా అందులో చావు ఉండేది, చందమామ ఉండేది, ఒట్టోని ప్రేమించని ఒక అమ్మాయి ఉండేది. రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించేవాడు. రైల్వే గుమాస్తాలు కంచంలోకి చూస్తూ తినేవాళ్ళు.

"బాగుందిరా నాయనా," అంది పిన్ని ఒకసారి. "చావుని రమ్మని ఇన్నిసార్లు పిలిచావు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా విందనుకో, ఏం చేస్తుందంటావు?"

"ఏం చేస్తుంది?"

"ఆవులించి పక్కింటికి పోతుంది."

బల్ల బల్లంతా గొల్లుమంది. ఒట్టో చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత అతను కూడా నవ్వాడు. మర్నాటినుంచి కవితలు చదవడం మానేసి, పిన్ని మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని వినడం మొదలుపెట్టాడు. ఆమె అన్న మాటని తనలో తను మళ్ళీ అనుకునేవాడు. పెదవులు కదలడం నాకు కనిపించేది.

ఆ చలికాలం అతనికి టైఫాయిడ్ వచ్చింది. వకీలుగారు ఇంకొకర్ని పెట్టుకున్నాడు. పిన్ని తన మంచం అతనికిచ్చి తాను వంటింట్లో బెంచీ మీద పడుకుంది. గంజి కాచి పోసింది, దుప్పట్లు ఉడకబెట్టింది. జ్వరం దిగాక అతను లేచి కూచుని, తన మొదటి హాస్య రచన రాసి ఆమెకు వినిపించాడు. నేను అక్కడే ఉన్నాను. ఏదో పల్లెటూరి పెళ్ళి గురించి. చదువుతూ అతనే పడీ పడీ నవ్వాడు.

"నువ్వు ముందే నవ్వేస్తున్నావు ఒట్టో," అంది పిన్ని. "ఆకలి మీదున్నవాణ్ణి బల్ల దగ్గర కూచోబెట్టి, వాడి ఎదురుగా నువ్వే తినేస్తే ఎలాగరా? వడ్డించు. చేతులు కట్టుకుని నిలబడు."

అలా ఆ శీతాకాలమంతా ఆమె చెప్పింది, అతను దిద్దుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఏ మాట చివర పెట్టాలో చెప్పేది. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా సరుకులు చుట్టి ఇచ్చిన పాత హాస్య వారపత్రికల్ని సాపు చేసుకుని చదివేది. ఏ పేరడీ ఎందుకు పేలలేదో వేలు పెట్టి చూపించేది. వసంతం రాగానే ఒట్టో బుడాపెస్ట్ వెళ్ళిపోయాడు. రైలెక్కేముందు ఆమె చేతులు రెండూ ముద్దుపెట్టుకుని, "నన్ను మనిషిని చేశారు పిన్నీ," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అతను చెడ్డవాడని నేనెప్పుడూ అనను. చెడ్డవాడయితే ఈ కథ చెప్పడం నాకింత కష్టమయ్యేది కాదు.

రాజధానిలో హాస్య పత్రికలకు అప్పుడు గొప్ప గిరాకీ. కాఫీ హోటల్లో పత్రిక ఒకరి చేతిలోంచి ఇంకొకరు లాక్కునే కాలం. ఒట్టో పేరు రెండో ఏడాదికల్లా అచ్చులో కనిపించసాగింది. ఒక ఆదివారం నాన్న పత్రిక పట్టుకుని వీధి దాటి పరుగెత్తుకొచ్చాడు. పిన్ని గసగసాలు నూరుతోంది. చేతులు తుడుచుకుని తనే పైకి చదివింది.

అద్దె గదులిచ్చే ఒక విధవరాలి కథ అది. ఆవిడ పేరు గొంబోత్స్ అమ్మగారు. ఉడికిన పిండి ఉండలా గుండ్రంగా, మెత్తగా ఉంటుందని ఆ పేరు. అందులో కుర్రాడు సూపులో కోడి ఏదని అడుగుతాడు. గొంబోత్స్ అమ్మగారు గరిటెతో గిన్నె అడుగంతా గాలించి, "వచ్చింది నాయనా, స్నానం చేసి వెళ్ళిపోయింది. మర్యాదస్తురాలు, పరాయి ఇంట్లో ఎక్కువసేపు ఉండదు," అంటుంది.

"నా మాటే!" అంది పిన్ని. మొహం వెలిగిపోయింది. "ఒసేయ్ ఎతెల్కా, అచ్చులో నా మాట! అక్షరం పొల్లుపోకుండా రాశాడే!"

నాన్న చప్పట్లు కొట్టాడు. పిన్ని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. కోడి మాట తర్వాత ఇంకో వాక్యం ఉంది, మొదటిసారి ఆ సంబరంలో దాన్ని దాటేసింది. ఈసారి అక్కడ ఆగింది. 'పాపం గొంబోత్స్ అమ్మగారు. అబద్ధం ఆడాలన్నా కొంత తెలివి కావాలి గదా, అందుకే ఆవిడ నిజంగానే కోడి కోసం కిటికీలోంచి చూశారు.'

"నేను కిటికీలోంచి చూశానా?" అంది.

"కథ కదా బోరిష్కా," అన్నాడు నాన్న.

"కథే. కాదనను." కాగితం మీద వేలు కదలలేదు. "ఆ మాట నేనంటే మీరు కోడిని చూసి నవ్వారు, నా పేదరికాన్ని చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఇందులో నన్ను చూసి నవ్వుతున్నారు. రెండూ ఒకటి కాదు."

నాన్నకి తేడా తెలియలేదు. నాకు కూడా ఆ రోజున పూర్తిగా తెలియలేదు. నాకు నవ్వొచ్చింది. దాచుకున్నాను, కానీ ఆమె చూసింది.

వారం వారం గొంబోత్స్ అమ్మగారి కథలు వచ్చాయి. గడియారం వచ్చింది, రాజుగారి పటం వచ్చింది, చావు ఆవులించడం వచ్చింది. తర్వాత అవన్నీ పుస్తకమయ్యాయి. ఒట్టో బంగారు అంచున్న పుస్తకం ఒకటి పంపాడు, ప్రతి క్రిస్మస్‌కీ పంది తొడ మాంసం పంపేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. పిల్లలు గుమ్మం ముందు నిలబడి "గొంబోత్స్ అమ్మగారూ, కోడి తిరిగొచ్చిందా?" అని అరిచి పారిపోయేవాళ్ళు. గదులకు గిరాకీ పెరిగింది. కొత్తగా దిగినవాళ్ళు ఆమె నోరు తెరవగానే ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు.

మొదట్లో ఆమె పోరాడింది. కొత్త మాటలు చెప్పింది, పుస్తకంలో లేనివి, ఇంకా పదునైనవి. ఆమె మాట పూర్తి కాకముందే నవ్వేవాళ్ళు. చివర ఏముందో వినేవాళ్ళే కాదు. ఒకనాడు నాతో అంది, "వాళ్ళకి నేనేం చెప్పినా ఒకటేనే. ఉప్పు అందించండి అన్నా నవ్వుతున్నారు."

నిజమే. ఇంటి కప్పు కారుతోందని పట్టణ కార్యాలయానికి వెళ్ళి చెబితే, అక్కడి ఉద్యోగి పక్క గదిలోవాళ్ళని కూడా పిలుచుకొచ్చాడు. "ఇంకోసారి చెప్పండమ్మా, వీళ్ళు వినలేదు," అన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది. కప్పు కారుతోంది, మంచం తడుస్తోంది, అంతే. వాళ్ళు బల్లలు చరుచుకుని నవ్వారు.

పుస్తకాన్ని నాటకం చేశారు. మొదటి ప్రదర్శనకు రమ్మని ఒట్టో రైలు టిక్కెట్లు పంపాడు, ఆమెకూ నాకూ. వెళ్ళొద్దన్నాను నేను. "వెళ్ళాలే," అంది పిన్ని. "వాడితో ఒక మాట మాట్లాడాలి. ఎదురుగా అడిగితే కాదనడు వాడు."

బుడాపెస్ట్ స్టేషన్లో ఒట్టో పూలగుత్తితో ఎదురొచ్చాడు. ఒళ్ళు చేశాడు. వేలికి ఉంగరం, చేతిలో వెండి పిడి కర్ర. ఆమెను చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అద్దాల గోడలున్న కాఫీ హోటల్‌కి తీసుకెళ్ళాడు. అతని స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, ఆమె ఏమంటుందోనని నిలబడేవాళ్ళు. ఆమె ఏమీ అనలేదు. నిరాశపడి వెళ్ళిపోయేవాళ్ళు.

"దేశమంతా మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంది పిన్నీ," అన్నాడు ఒట్టో.

"నన్ను కాదురా. ఆ గొంబోత్స్‌ని."

"ఇద్దరూ ఒకటే కదా!"

"ఒకటే అయితే నాకో సాయం చెయ్యి. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారటగా. అందులో ఒక్క వాక్యం చేర్చు. ఎక్కడైనా సరే, చివర్లోనైనా సరే. ఆ మాటలు అంటున్నప్పుడు ఆవిడకి తెలుసు అని రాయి. అంతే. ఆవిడకి తెలుసు."

ఒట్టో చెంచాతో కాఫీ కలుపుతూ ఉండిపోయాడు. అతను తప్పించుకోవడం లేదు, నిజంగానే ఆలోచిస్తున్నాడు. తన పని గురించి ఆలోచించే పనివాడి మొహం అది.

"అలా రాస్తే నవ్వు చచ్చిపోతుంది పిన్నీ," అన్నాడు చివరికి. "తెలిసిన మనిషి అంటే అది చమత్కారం, జనం చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. తెలియని మనిషి అంటేనే పొట్ట పట్టుకుంటారు. మీరే నేర్పారుగా, తెలియనట్టు చెప్పాలని."

"తెలియనట్టు చెప్పాలన్నాను. తెలియకుండా ఉండాలనలేదు."

"జనానికి ఆ తేడా అక్కర్లేదు."

"నీకు?"

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిజం చెప్పనా? వాటిలో ఏవి మీ మాటలో, ఏవి నావో నాకిప్పుడు గుర్తు లేదు. అన్నీ నేనే రాశాననిపిస్తుంది. మీరు ఒక్కొక్కసారి తమాషాగా మాట్లాడేవారు, అది గుర్తుంది. మిగతాది..." చెయ్యి గాల్లో ఊపాడు.

నేను అతని మొహమే చూస్తున్నాను. అబద్ధం ఆడటం లేదు. అబద్ధమైతే ఏదో ఒకరోజు ఒప్పుకుంటాడని ఆశ ఉండేది. పిన్నికి కూడా అదే అర్థమైందనుకుంటాను. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, "కాఫీ బాగుంది," అంది.

నాటకశాల కిటకిటలాడింది. మమ్మల్ని మంచి వరసలోనే కూచోబెట్టారు. పిన్ని తానెవరో ఎవరికీ చెప్పొద్దని ఒట్టో దగ్గర మాట తీసుకుంది, అతను మాట నిలబెట్టుకున్నాడు. గొంబోత్స్ అమ్మగారి వేషం వేసిన నటి పొట్టకు దిండు కట్టుకుంది, కళ్ళు గుండ్రంగా తిప్పుతోంది. అడుగు తీసి అడుగు వేస్తే జనం నవ్వు. రెండో అంకంలో ఆవిడ పింఛను కచేరీకి వెళ్ళింది. నేను పిన్ని వైపు చూశాను. చేతిసంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది.

"యుద్ధం వచ్చేదాకా ఆగమనే చెప్పానండీ!" అంది నటి, కళ్ళు తిప్పుతూ. "వినలేదు!"

కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. పిన్నికి అటువైపు పెద్ద ఈక టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ కూచుంది. నవ్వీ నవ్వీ చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పక్కనున్న ముసలమ్మ నవ్వడం లేదని గమనించి జాలిపడింది కాబోలు, పిన్ని చెవి దగ్గరికి వంగింది.

"మీకు అర్థం కాలేదా అమ్మా? వాళ్ళాయన జబ్బుతో చచ్చిపోయాడన్నమాట. ఈవిడేమో ఒట్టి మొద్దు. ఆగమంటే చావు ఆగుతుందనుకుంది! తెలిసిందా?"

"ఆఁ," అంది పిన్ని. "తెలిసింది. మంచిదమ్మా."

తిరుగు రైల్లో చాలా దూరం కిటికీలోంచి చూస్తూ కూచుంది. పొద్దుతిరుగుడు చేలు కోసేసి ఉన్నాయి, మోళ్ళు తప్ప ఏమీ లేవు. సగం దారిలో, "గాష్పార్‌ని కూడా ఇచ్చేశానే వాళ్ళకి," అంది. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత బోరిష్కా పిన్ని నోట నవ్వు మాట నేను వినలేదు. భోజనం వడ్డించేది, అద్దె తీసుకునేది, "మంచిది" అనేది, "చలిగా ఉంది" అనేది. మాటల కోసం వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు చూసి, పుస్తకంలో ఉన్నంత సరదాగా లేదే అని గొణుక్కుంటూ వేరే ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. మిగిలిన కుర్రాళ్ళు కూడా టోపీలకు పూలు గుచ్చుకుని రైళ్ళెక్కారు. పత్రికలన్నీ యుద్ధం పాట పాడాయి, హాస్య పత్రికలు కూడా. ఒట్టోని రాయమన్నారో, అతనే రాశాడో నాకు తెలియదు. గొంబోత్స్ అమ్మగారు మళ్ళీ వచ్చింది. ఈసారి సరిహద్దులోని సైనికులకు పిండి ఉండలు పంపింది. "మా ఆయన తొందరపడ్డాడు గానీ, ఇప్పటి కుర్రాళ్ళు అదృష్టవంతులు. యుద్ధం వేళకే వచ్చింది. విధవలకి పింఛను ఖాయం," అంది. ఆ మాట పిన్నిది కాదు. పిన్ని ఏ రోజూ అలాంటి మాట అనలేదు. ఆ వారం పత్రిక అయిదారుసార్లు అచ్చు వేశారట.

మా వీధి చివర చేపలమ్మే రోజాలి ఉండేది. పిన్నీ ఆమే చిన్నప్పట్నుంచీ స్నేహితులు. రోజాలి ఒక్కగానొక్క కొడుకు గలీసియా యుద్ధరంగంలో పోయాడని కబురొచ్చింది. పిన్ని శాలువా కప్పుకుని పరామర్శకు బయల్దేరుతుంటే రోజాలే ఎదురొచ్చింది. చేతిలో ఆ పత్రిక ఉంది. ఎవరు ఇచ్చారో ఏమో. గుమ్మం మీద కాండ్రించి ఉమ్మింది.

"అదృష్టవంతుడటే నా కొడుకు?"

"అది నేనన్నది కాదే రోజాలీ."

"అచ్చులో ఉంది!"

"నేను కాదే. నన్నెరగవా నువ్వు? నీ పక్కన కూచుని పెరిగాను. నేనలాంటి మాట అంటానా?"

"కోడి మాట నీదే. గడియారం మాట నీదే. నువ్వనగా నా చెవులతో నేనే విన్నాను. అవి నీవైనప్పుడు ఇది ఎవరిదే? నీ మొగుడి చావు మీదే నవ్వుకున్నదానివి, నా కొడుకు నీకో లెక్కా!"

నేను వెళ్ళి రోజాలికి నచ్చజెప్పబోతే నన్ను తోసేసింది. పత్రికని చింపి గుమ్మంలో పడేసి వెళ్ళిపోయింది. పిన్ని ఆ ముక్కలన్నీ ఏరి పొయ్యిలో వేసింది, గుమ్మం కడిగింది. తర్వాత బల్ల దగ్గర కూచుని అంది, "దానిదేం తప్పు లేదు. నేనే దాని స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని."

రోజాలి మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే బజారులో, ఒకే చర్చిలో, ఎడమొహం పెడమొహంగా ముసలివాళ్ళయ్యారు.

యుద్ధం ఓడిపోయాక దేశం సగానికి పైగా పోయింది, కరెన్సీ చిత్తు కాగితమైంది. గదులకి ఎవరూ రాలేదు. పిన్ని ఇల్లు అమ్మేసి మా కొట్టు వెనక గదిలోకి వచ్చింది. నాన్న అప్పటికే లేడు. మేమిద్దరం కొట్టు నడిపాం. ఆమె బొత్తాల్ని రంగుల వారీగా వేరు చేసేది. ఎవరైనా కొనడానికి వస్తే వెనక్కి వెళ్ళిపోయేది, గుర్తుపడతారని.

ఒక చలికాలం కడుపులో నొప్పి మొదలైంది. చాలా రోజులు చెప్పలేదు. చెప్పాక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. పేరు అడిగి, ఊరు అడిగి, ఇదివరకు ఏం పని చేసేవారని అడిగాడు. గదులు అద్దెకిచ్చేదాన్నని పిన్ని అనగానే కుర్చీలోంచి లేచాడు.

"మీరు ఆ గొంబోత్స్ అమ్మగారు కదూ! మా నాన్న మీ పుస్తకం చదువుతూ పెద్దగా నవ్వేవాడండీ, ఇల్లంతా వినిపించేది. చెప్పండి, చెప్పండి, ఏమిటి బాధ?"

"ఇక్కడ నొప్పి," అంది పిన్ని. "తింటే నిలవడం లేదు."

అతను నవ్వుమొహంతో ఎదురుచూశాడు. ఇంకా ఏదో రావాలి అన్నట్టు. ఆమె ఏమీ చేర్చలేదు.

"తింటే నిలవడం లేదు!" అన్నాడు అతను, తనే పూర్తి చేసుకున్నట్టు నవ్వుతూ. "ఆ కోడిలాగేనన్నమాట!" జీర్ణానికి పొడి రాసిచ్చాడు, పుస్తకం మీద సంతకం పెట్టించుకోవడానికి ఇంకోసారి రమ్మన్నాడు. నేను గట్టిగా అడిగాను, సరిగ్గా చూడమని. వయసు కదండీ అన్నాడు. ఇంకో డాక్టరు చూసేనాటికి గడ్డ పెద్దదైపోయింది. ముందే చూసినా బతికేదని నేను ఒట్టేసి చెప్పలేను. కాని ఆ రోజు ఆ గది గుమ్మంలో పిన్ని నా వైపు చూసిన చూపు ఉంది. కోపం లేదు అందులో. ఎదురుచూసింది జరిగినట్టు ఉంది.

చివరి వారాల్లో పెద్దగా మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం, బాగా మంచు పడుతుండగా, దిండు సర్దమని అడిగి సర్దాక పోయింది. అంతే. దిండు సర్దమనడం తప్ప ఆఖరి మాట అంటూ ఏమీ లేదు. మూడోనాడు రాజధాని పత్రికలో వార్త వేశారు, గొంబోత్స్ అమ్మగారి అసలు మనిషి కన్నుమూసిందని. ఆమె ఆఖరి మాటలు కూడా వేశారు, చక్కటి చమత్కారం. ఎవరు కల్పించారో తెలియదు. నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పటికీ మా ఊళ్ళో అదే చెప్పుకుంటారు. నేను కాదంటే, నువ్వు పక్క గదిలో ఉండి వినలేదేమో అంటారు.

ఒట్టో రాలేదు, ఒంట్లో బాగాలేదట. పెద్ద పూలచక్రం పంపాడు. దాని పట్టీ మీద బంగారు రంగులో గొంబోత్స్ అమ్మగారికి అని ఉంది. నేను ఆ పట్టీ విప్పి కోటు జేబులో పెట్టుకున్నాను. సమాధుల దగ్గర నేనూ, ఫాదరూ, ఇద్దరు ముసలమ్మలూ. ఫాదరు చలికి త్వరగా ముగించాడు. అందరూ వెళ్ళాక గొయ్యి పూడ్చే మనిషి మిగిలాడు. యుద్ధం తర్వాత పరాయి దేశానికి పోయిన ఎర్దేయ్ ప్రాంతం నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడు, మా ఊరికి కొత్త. చదువు రాదు.

"మీ అమ్మగారా?" అన్నాడు.

"కాదు. పిన్ని."

"ఎలాంటి మనిషి?"

నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఎరగరు. అందరికీ ముందే తెలుసు. ఇతనికి ఏమీ తెలియదు. ఒట్టోకి కూడా తెలియని మాట ఒకటి నా దగ్గర ఉంది. నా చిన్నప్పుడు తీసా పొంగి ఇళ్ళలోకి వచ్చినప్పుడు అన్నది. అది చెబితే ఇతనికి పిన్ని తెలుస్తుంది అనుకున్నాను.

"చాలా సరదా మనిషి," అని మొదలుపెట్టాను. అక్కడే తప్పు చేశాను. "ఒకసారి వరద వచ్చింది. మంచాల దాకా నీళ్ళు. పడవలో వచ్చిన వాళ్ళు రమ్మంటే పిన్ని, ఇలా వస్తుందని తెలిస్తే పొద్దున్నే బావిలో నీళ్ళు తోడి ఇల్లు కడిగేదాన్ని కాదు అంది. అంటే, ఆ రోజు పొద్దున్నే ఇల్లు కడిగిందన్నమాట. అది ముందు చెప్పాలి నేను. పొద్దున్న కడిగింది, మధ్యాహ్నం వరద వచ్చింది..."

నా గొంతు నాకే వేరుగా వినిపించింది. మధ్యలో నవ్వాను కూడా, అతనికి నవ్వు రావాలని.

అతను టోపీ సర్దుకుని, గౌరవంగా తలూపాడు.

"అవునమ్మా. వరద చాలా చెడ్డది," అని పార తీసుకున్నాడు.